అమ్మను ఉగాండా తీసుకెళ్ళాను: ఎల్లో ఫీవర్ కార్డు, మలేరియా మాత్రలు, మధ్యలో ఎబోలా

ఉగాండా వీసాకు ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు పెట్టాలి. పాస్‌పోర్టు పేజీ, ఫొటోతో పాటు ఎల్లో ఫీవర్ (ఆఫ్రికా వైపు దోమల వల్ల వచ్చే పచ్చజ్వరం) టీకా కార్డు కూడా జతచేయమంటారు. ఉగాండా రాజధాని కంపాలాలో ఉంటున్న అక్క భర్త, మా బావగారు ఈ సంగతి 2024 నవంబరులోనే చెప్పి, "ముందు సూది, తర్వాత వీసా, ఆ తర్వాతే టికెట్లు" అని వరస కూడా ఖాయం చేశారు. అక్కకు మార్చిలో పురుడు. ఐదో నెల నుంచే బీపీ ఉండడంతో అక్కడి డాక్టరు విమాన ప్రయాణం వద్దన్నారు. అక్క ఇక్కడికి రావడం కుదరదు కాబట్టి అమ్మే కంపాలా వెళ్ళాలి. అమ్మకు ఒక్కతే విమానాలు మారడం కష్టం కాబట్టి తోడు నేను. బ్యాంకులో నెల సెలవు అడిగితే మేనేజరుగారు ముఖం అదోలా పెట్టి సంతకం చేశారు.

మాది కొత్తగూడెం. మా ఊళ్ళో టికెట్లు తీసిపెట్టే ఒకాయన దగ్గరకు ధరలు కనుక్కుందామని వెళ్తే, మేము అడగకముందే ఆయనే అందుకున్నాడు. "పెద్దావిడకు ఈ వయసులో టీకా ఎందుకమ్మా? నాలుగు వేలు ఇవ్వండి, కార్డు ఇంటికే వస్తుంది. సూదీ లేదు, జ్వరమూ లేదు." ఆ మాట నన్ను ఒక రాత్రంతా కుదురుగా నిద్రపోనివ్వలేదు, ఉన్నదున్నట్టు చెబుతున్నాను. అమ్మకు 63 ఏళ్ళు. అరవై దాటినవారికి ఈ టీకా విషయంలో జాగ్రత్త అవసరమని అప్పటికే చదివి ఉన్నాను. కానీ ఆ కార్డు మీద టీకా తయారీదారు పేరు, బ్యాచ్ నంబరు, వేసినవారి సంతకం, కేంద్రం ముద్ర అన్నీ ఉంటాయి. తిరిగి వచ్చేటప్పుడు మన విమానాశ్రయంలో ఆరోగ్య విభాగంవాళ్ళకు అనుమానం వస్తే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచవచ్చు. అన్నిటికీ మించి, జ్వరం ఉన్న దేశానికి అమ్మను ఉత్త కాగితం ఇచ్చి పంపడమేమిటి? పొద్దున్నే ఆయనకు ఫోను చేసి వద్దని చెప్పేశాను.

ఎల్లో ఫీవర్ టీకా ఏ ఆసుపత్రిలో పడితే అక్కడ వేయరు. కేంద్ర ప్రభుత్వం అనుమతించిన కేంద్రాల జాబితా ఉంటుంది, అక్కడే వేయించుకోవాలి, అక్కడ ఇచ్చిన కార్డే చెల్లుతుంది. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్, విశాఖలోని పోర్టు హెల్త్ కార్యాలయం ఆ జాబితాలో మనవాళ్ళు ఎక్కువగా విన్న పేర్లు. రోజులు, రుసుము మారుతుంటాయి కాబట్టి మాకు చెప్పినవి ఇక్కడ రాయడం లేదు. ఫోను చేసి కనుక్కునే బయలుదేరండి. మాకు తేదీ దొరికిన కేంద్రంలో ఈ టీకా వారంలో కొన్ని రోజులే వేస్తారు. అదేమి పద్ధతి అని మొదట విసుక్కున్నాను గానీ కారణం తర్వాత తెలిసింది. ఒక సీసాలో పది మోతాదులు ఉంటాయి. పొడిలో ద్రవం కలిపాక ఆరు గంటల్లోపు వాడేయాలి, మిగిలితే పారబోయాలి. అందుకే పదిమందిని ఒక రోజుకు కూడగడతారు.

జనవరి 7న మొదటిసారి వెళ్ళాం. కిటికీ దగ్గరున్న గుమాస్తా పాస్‌పోర్టులు తిరగేసి, అమ్మ పుట్టిన సంవత్సరం దగ్గర వేలు ఆపి, "అమ్మగారికి డాక్టరు దగ్గర ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తేవాలి" అన్నాడు. సంక్రాంతి దాటాక 22వ తేదీకి ఇద్దరి పేర్లూ రాసుకున్నాడు. పాస్‌పోర్టు అసలుదే తేవాలని, జిరాక్సు పనికిరాదని రెండుసార్లు నొక్కి చెప్పాడు. ఎందుకంత గట్టిగా చెప్పాడో 22న అర్థమైంది.

ఫిట్‌నెస్ కోసం కొత్తగూడెంలో మాకు తెలిసిన డాక్టరుగారిని అడిగితే, "సంతకం పెట్టడానికి అభ్యంతరం లేదమ్మా, కానీ ఈ టీకా నేను ఎప్పుడూ వేయలేదు. హైదరాబాద్‌లో విదేశాలకు వెళ్ళేవాళ్ళను చూసే డాక్టరు దగ్గరకు వెళ్ళండి" అన్నారు. ఆ నిజాయితీకి ఇప్పటికీ దండం పెడతాను. ఎందుకంటే మొత్తం వ్యవహారంలో మాకు నిజంగా పనికొచ్చిన ముప్పావుగంట ఆ హైదరాబాద్ డాక్టరమ్మగారి గదిలోనే గడిచింది. కన్సల్టేషన్ 800 రూపాయలు.

ఆమె ముందుగా అమ్మ మాత్రల పెట్టె అడిగి తీసుకున్నారు. బీపీది, థైరాయిడ్‌ది, కాల్షియం. తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. క్యాన్సర్ చికిత్స జరిగిందా, స్టెరాయిడ్లు వాడుతున్నారా, థైమస్ గ్రంథికి ఎప్పుడైనా జబ్బు చేసిందా, హెచ్‌ఐవీ పరీక్ష ఎప్పుడైనా చేయించారా. నన్ను గర్భం గురించి అడిగారు. తర్వాత అమ్మ వైపు తిరిగి, "గుడ్డు పడకపోవడం లాంటిది ఏమైనా ఉందా?" అన్నారు. ఈ టీకాను కోడిగుడ్డులో పెంచుతారట. అమ్మ పుట్టు శాకాహారి. గుడ్డు ఎప్పుడూ తినని మనిషికి అది పడుతుందో లేదో ఎలా తెలుస్తుంది?

డాక్టరమ్మగారు ఒక్క క్షణం ఆలోచించి, "పుట్టినరోజులకు బేకరీ కేకు తింటారా?" అన్నారు.

అమ్మ నా వైపు చూసింది. "తిన్నాను. అందులో గుడ్డు ఉంటుందని తెలియదనుకోండి" అంది. నిజానికి తెలుసు. మా ఇంట్లో ఆ విషయం ఎవరూ పైకి మాట్లాడరు, అంతే.

"తిన్నాక దద్దుర్లు, ఆయాసం?"

"ఏమీ లేదు."

"అయితే సరే" అని రాసుకున్నారు. గుడ్డులో పెంచిన మందు అమ్మ ఒంట్లోకి ఎక్కించుకుంటుందా అని నాకు లోపల సందేహంగానే ఉంది. బయటికి వచ్చాక అడిగితే, "మందుకు మడి ఏమిటే" అని కొట్టిపారేసింది.

వయసు సంగతి డాక్టరమ్మగారు దాచకుండా చెప్పారు. ఈ టీకాలో ఉండేది బలహీనపరిచిన సజీవ వైరస్. అరవై దాటాక మొదటిసారి వేయించుకునేవారిలో తీవ్రమైన ప్రతిచర్యలు వచ్చే అవకాశం మిగతావారికన్నా ఎక్కువ, అయినా అవి చాలా అరుదు. "నాలుగు రోజుల మీటింగుకైతే అసలు వెళ్ళాలా అని అడిగేదాన్ని. మీరు మూడు నెలలు ఉంటారు, అక్కడ ఆ జ్వరం ఉంది. నేనైతే వేయించుకోమనే చెబుతాను. నిర్ణయం మీది" అన్నారు. అమ్మ ఎక్కువసేపు తీసుకోలేదు. "పిల్లకు పురుడు పోయడానికి పోతున్నాను, సూదికి భయపడి ఆగుతానా" అంది. నాకు మాత్రం సంతకం పెట్టిన ఆ కాగితం చేతిలోకి వచ్చినప్పుడు వేళ్ళు చల్లబడ్డాయి.

తర్వాత ఆమె అడిగిన ప్రశ్న నేను ఊహించలేదు. "సరే, మలేరియాకు ఏం చేస్తున్నారు?"

అమ్మ నవ్వింది. పెళ్ళైన కొత్తలో నాన్న ఉద్యోగం భద్రాచలం ఏజెన్సీలో. చర్ల, దుమ్ముగూడెం వైపు చలిజ్వరం రాని ఇల్లు లేదు. అమ్మకూ చాలాసార్లు వచ్చింది. "మలేరియా నాకు కొత్తా అమ్మా? అది వచ్చీ వచ్చీ నన్ను వదిలేసింది" అంది. డాక్టరమ్మగారు నవ్వలేదు. ఎప్పుడో వచ్చిన మలేరియా ఇప్పుడు కాపాడదని, అలాంటి కొద్దిపాటి రక్షణ ఏమైనా ఉన్నా ఆ చోటు వదిలేశాక కొంతకాలానికి పోతుందని, ఉగాండాలో ఉండేది ఎక్కువగా మలేరియాల్లోకెల్లా ప్రమాదకరమైన ఫాల్సిపారమ్ రకమని, 63 ఏళ్ళ మనిషికి అది మెదడుకు ఎక్కితే గంటల లెక్కన పరిస్థితి మారిపోతుందని చెప్పారు. ఎల్లో ఫీవర్ కన్నా మలేరియా వచ్చే అవకాశమే మీకు ఎన్నో రెట్లు ఎక్కువ అన్నారు. గదిలో కాసేపు ఫ్యాను చప్పుడే వినిపించింది.

మేము ఆ రోజు దాకా ఇంట్లో మాట్లాడుకున్నదంతా కార్డు గురించే. వీసాకు కార్డు, విమానంలో కార్డు, దిగాక కార్డు. మలేరియా మాత్ర వేసుకున్నారా అని ఏ బల్ల దగ్గరా ఎవరూ అడగరు. అందుకే కాబోలు బావగారికీ, వెళ్ళొచ్చినవాళ్ళకూ, టికెట్ల ఆయనకూ ఆ మాటే గుర్తు రాలేదు.

వారానికి ఒకటి వేసుకునే మెఫ్లోక్విన్ అనే మాత్ర ఉంది. అమ్మ బీపీ మాత్ర, అసలే పట్టని నిద్ర చూసి అది వద్దన్నారు. ఇద్దరికీ డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు, రోజుకొకటి, బయలుదేరే ముందురోజు నుంచి, తిరిగి వచ్చాక ఇంకా నాలుగు వారాలు. చౌకైన మందే. కాకపోతే దాని గొడవలు దానికున్నాయి. తిన్న తర్వాత, గ్లాసు నిండా నీళ్ళతో వేసుకోవాలి. వేసుకున్న వెంటనే పడుకోకూడదు, గొంతులో ఇరుక్కుంటే అన్నవాహిక పుండు పడుతుంది. ఎండకు చర్మం మామూలుకన్నా తొందరగా కందిపోతుంది. కాల్షియం మాత్ర, పాలు దాని పనిని చెడగొడతాయి. అమ్మకు రోజూ ఉదయం థైరాయిడ్, మధ్యాహ్నం కాల్షియం. చివరికి తేలిన లెక్క ఇది: లేవగానే థైరాయిడ్, టిఫిను తిన్నాక డాక్సీ, కాల్షియం రాత్రికి. టిఫినుతో పాటు తాగే కాఫీని పక్కకు జరపడమే అమ్మకు అన్నిటికన్నా పెద్ద కష్టమైంది.

మిగతావి తొందరగానే తేలిపోయాయి. టైఫాయిడ్ కాంజుగేట్ టీకా ఇద్దరికీ, దగ్గర దగ్గర రెండు వేలు ఒక్కోటి. ధనుర్వాతం బూస్టరు. హెపటైటిస్ ఏ (ఒక రకం కామెర్లు) గురించి నాకు ఒక మంచి విషయం తెలిసింది. మన దేశంలో పుట్టి పెరిగినవాళ్ళలో చాలామందికి చిన్నప్పుడే తెలియకుండా వచ్చి పోయి ఉంటుందట. టీకా కొనే ముందు రక్తంలో యాంటీబాడీలు ఉన్నాయో లేదో చూడమన్నారు. నాకు ఉన్నాయి, ఆ ఖర్చు మిగిలింది. అమ్మకు పరీక్ష కూడా అవసరం లేదన్నారు. ఒకవేళ సజీవ టీకాలు ఇంకేవైనా వేయించుకోవాలంటే ఎల్లో ఫీవర్‌తో అదే రోజు గాని, లేదంటే నాలుగు వారాల ఎడంతో గాని వేయించుకోవాలట. మొత్తం ఖర్చు పదివేలు దాటింది. అందులో ఎల్లో ఫీవర్ వాటాయే తక్కువ.

జనవరి 22, బుధవారం. తెల్లవారుజామున బస్సెక్కి పదిన్నరకు కేంద్రానికి చేరాం. బల్లల మీద మాలాంటివాళ్ళే. నైజీరియాలో వెల్డింగు పనికి పోతున్న సిరిసిల్ల కుర్రాడు, కెన్యాలో జంతువులను చూడడానికి బయలుదేరిన కుటుంబం, కాంగోలో ఏదో పాఠశాలకు వెళ్తున్న క్రైస్తవ సన్యాసిని, ఓడలో పనిచేసే శ్రీకాకుళం అబ్బాయి. ఆ అబ్బాయి తెచ్చింది జిరాక్సు. అసలు పాస్‌పోర్టు అమీర్‌పేటలోని హాస్టలులో ఉందట. అతను పదోవాడు. అతను వస్తే గాని సీసా తెరవరు. సిస్టర్ కోప్పడలేదు, "తెచ్చుకో బాబూ, వీళ్ళంతా నీ కోసం కూర్చుంటారు" అంది. అతను పరుగెత్తాడు. మేము కూర్చున్నాం. రెండు గంటలు పట్టింది. ఆ లోపల అమ్మ సన్యాసినితో కలిసి తెచ్చుకున్న పులిహోర సగం పూర్తిచేసింది. అబ్బాయి చెమటలు కక్కుతూ వచ్చేసరికి గదంతా చప్పట్లు కొట్టారు.

సూది చిన్నదే. జబ్బ పైభాగంలో, చర్మం కింద, అర మిల్లీలీటరు. తర్వాత అరగంట అక్కడే కూర్చోబెట్టారు.

కార్డు దగ్గర మాత్రం ఆగవలసి వచ్చింది. అమ్మ పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. కార్డు మీద పొడి అక్షరం ఒక్కటే రాసి ఉంది. చెబితే గుమాస్తా పెన్ను తీసి పక్కన దిద్దబోయాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను. ఆ కార్డు మీదే అచ్చు వేసి ఉంది, దిద్దుబాట్లు, కొట్టివేతలు ఉంటే చెల్లకపోవచ్చని. కొంచెం విసుక్కున్నా కొత్త కార్డు రాసిచ్చాడు. మీరూ అక్కడే నిలబడి పేరు, పాస్‌పోర్టు నంబరు, పుట్టిన తేదీ, బ్యాచ్ నంబరు ఒక్కొక్కటీ సరిచూసుకోండి. కార్డు మీద మీ సంతకం కూడా ఉండాలి, పాస్‌పోర్టులో ఉన్నట్టే. టీకా వేసిన పదో రోజు నుంచే కార్డు చెల్లుతుంది, మాకు ఫిబ్రవరి 1 నుంచి. 2016 నుంచి ఇది జీవితాంతం చెల్లుబాటు. పదేళ్ళకు మళ్ళీ వేయించుకోవాలని ఎవరైనా చెబితే అది పాత మాట.

ఆ పది రోజులు నేను అమ్మను సరిగా బతకనివ్వలేదు. ఎక్కువ జ్వరం, కళ్ళు పచ్చబడడం, మూత్రం తగ్గడం, మాట తడబడడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమని డాక్టరమ్మగారు చెప్పి ఉన్నారు. పొద్దున లేవగానే కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి కంటి రెప్ప కిందికి లాగి చూసేదాన్ని. మూడో రోజుకు అమ్మ విసుగెత్తి, "నా కళ్ళు చూడడం ఆపి నీ పని చూసుకోవే" అంది. ఐదో రోజు జ్వరం వచ్చింది. అమ్మకు కాదు, నాకు. ఒళ్ళు నొప్పులు, వంద డిగ్రీలు, పారాసిటమాల్‌తో మర్నాటికి తగ్గింది. అమ్మకు చెయ్యి కూడా నొప్పి పెట్టలేదు.

జనవరి 30 సాయంత్రం బ్యాంకు నుంచి వస్తుంటే బావగారి సందేశం. కంపాలాలోని ములాగో ఆసుపత్రిలో పనిచేసే ఒక నర్సు ముందురోజు చనిపోయాడని, అది ఎబోలా అని ప్రభుత్వం ప్రకటించిందని. సూడాన్ రకం ఎబోలా. దానికి ఆమోదం పొందిన టీకా లేదు. ఫిబ్రవరి 3న కంపాలాలో ప్రయోగాత్మక టీకా మొదలుపెట్టారు, అదీ రోగులను కలిసినవారికే. రెండు రోజుల్లో మా కార్డులు చెల్లుబాటులోకి వస్తాయనగా ఈ వార్త.

ఆ రెండు వారాలు ఇంట్లో జరిగిన మాటలు రాయడం కష్టం. మేనమామ వద్దన్నాడు. అక్క ఫోనులో "రావొద్దు" అని చెప్పి వెంటనే ఏడ్చింది. అమ్మ ఎవరి మాటా వినకుండా ఆవకాయ సీసాలకు మూతలు బిగించుకుంటూ కూర్చుంది. నేను డాక్టరమ్మగారికి ఫోను చేశాను. ఎబోలా దోమలతో గాని, గాలితో గాని రాదు. జబ్బుపడిన మనిషి రక్తం, వాంతి, చెమట లాంటివి తగిలితేనే వస్తుంది, లక్షణాలు లేని మనిషి నుంచి రాదు. రోగులున్న చోటికి, అంత్యక్రియలకు వెళ్ళకండి, చేతులు కడుక్కోండి అన్నారు. "కానీ డాక్టరుగారూ, మేము వెళ్ళేదే ఆసుపత్రికి కదా" అన్నాను. ఆమె కాసేపు ఆగి, పురుడు ఏ ఆసుపత్రిలోనో కనుక్కుని, అక్కడ రోగులను గేటు దగ్గరే ఎలా వడపోస్తున్నారో మీ బావగారిని స్వయంగా చూసిరమ్మనండి అన్నారు. బావగారు వెళ్ళి చూశారు. గేటు దగ్గరే జ్వరం కొలిచి, చేతులు కడిగిస్తున్నారు. రోగితో ఒక్కరినే లోపలికి పంపుతున్నారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రయాణాలు ఆపమని చెప్పలేదు. ఈలోపు వీసాకు దరఖాస్తు పెట్టాం, మనిషికి 50 డాలర్లు. ఫిబ్రవరి 18న ఎనిమిదిమంది రోగులు కోలుకుని ఇళ్ళకు వెళ్ళారన్న వార్త వచ్చింది. ఆ రాత్రే టికెట్లు తీశాం. 22న బయలుదేరాం, దుబాయి మీదుగా.

శంషాబాద్‌లో చెక్ ఇన్ దగ్గరే కార్డులు అడిగారు. వీసా కాగితం కన్నా ముందు అదే. ఉగాండా విమానాశ్రయం ఎంటెబేలో దిగాక ఇమిగ్రేషన్‌కు ముందు తెల్లకోట్లవాళ్ళ బల్ల ఉంది. కార్డు తెరిచి చూశారు, నుదుటి దగ్గర యంత్రం పెట్టి జ్వరం చూశారు. అమ్మ కార్డు మీద ఇంటిపేరును పాస్‌పోర్టుతో వేలు పెట్టి పోల్చి చూసినప్పుడు, ఆ గుమాస్తాను ఇబ్బందిపెట్టినందుకు నాకు కొంచెమైనా బాధ కలగలేదు.

కంపాలాలో అక్క ఇంట్లో మంచాలన్నిటికీ మందు పట్టించిన దోమతెరలు ఉన్నాయి. అక్కకు గర్భిణులకిచ్చే మలేరియా నివారణ మాత్రలు చెకప్పుల్లోనే మింగిస్తున్నారు. కానీ చాలాకాలంగా అక్కడున్న మనవాళ్ళు మలేరియాను లెక్కచేయరు. సాయంత్రం చూడడానికి వచ్చిన బావగారి స్నేహితులు మా డాక్సీ మాత్రలు చూసి నవ్వారు. "వస్తే వీధి చివర పరీక్ష, మూడు రోజులు మందు, అంతే కదా" అన్నారు. అక్కడే ఉండేవాళ్ళకు ఏళ్ళ తరబడి మాత్ర వేసుకోవడం కుదరదు, నిజమే. వాళ్ళ లెక్క వేరు, 63 ఏళ్ళ వయసులో కొత్తగా దిగిన మనిషి లెక్క వేరు. అమ్మ ఒక్క రోజు కూడా మానకుండా చూశాను. పొద్దుగూకగానే పొడుగు చేతుల జాకెట్టు, కాళ్ళకు దోమల క్రీము. క్రీము కొనేటప్పుడు అందులో దోమలను తరిమే డీట్ అనే మందు 20 శాతానికి పైన ఉందో లేదో చూడమని చెప్పి పంపారు. ఎండకు రాసుకునే క్రీము ముందు, అది ఆరాక దీన్ని రాసుకోవాలి.

పురుటికి ఇంకా సమయం ఉందని ఒకరోజు బావగారు మమ్మల్ని జింజా తీసుకెళ్ళారు. విక్టోరియా సరస్సు నుంచి నైలు నది మొదలయ్యే చోటు అది. గాంధీగారి చితాభస్మంలో కొంత 1948లో అక్కడ కలిపారు, ఒడ్డున ఆయన విగ్రహం ఉంది. అమ్మ విగ్రహానికి దండం పెట్టి, చెప్పులు విడిచి, నీళ్ళు తలమీద చల్లుకోవడానికి మెట్లు దిగబోయింది. గోదావరి ఒడ్డు మనిషికి నది కనబడితే కాళ్ళు ఆగవు. బావగారు "అత్తయ్యా, ఆగండి" అని చెయ్యి పట్టుకున్నారు. ఆ సరస్సు నీళ్ళలో నత్తల నుంచి వచ్చే, బిల్హార్జియా అనే జబ్బు తెచ్చే పురుగు ఉంటుంది. నీళ్ళలో నిలబడితే చాలు, కంటికి కనబడకుండా చర్మంలోంచి లోపలికి పోతుంది. టీకా లేదు. అమ్మ ఒడ్డునే నిలబడి, దూరం నుంచే నమస్కారం చేసుకుంది. దారి పొడుగునా మాట్లాడలేదు.

మార్చి 1న మళ్ళీ పిడుగు. నాలుగేళ్ళ బాబు ఒకడు ఎబోలాతో ములాగోలో చనిపోయాడని ప్రకటించారు. ఆ పదిరోజులు మేము మార్కెట్టుకు కూడా వెళ్ళలేదు. 12న పాప పుట్టింది. ఆసుపత్రిలో అమ్మ ఒక్కదాన్నే లోపలికి పంపారు. నేను గేటు బయట బావగారితో కలిసి చెట్టు కింద కూర్చున్నాను. చివరి రోగి మార్చి 14న ఇంటికి వెళ్ళాడు, అక్కడి నుంచి 42 రోజులు లెక్కపెట్టి ఏప్రిల్ 26న వ్యాధి ముగిసిందని ప్రకటించారు. ఆ లెక్కను మా ఇంట్లో క్యాలెండరు మీద అక్క గీతలు గీసుకుంటూ వచ్చింది.

నేను మార్చి 23న తిరిగి వచ్చాను. ఏప్రిల్ మొదటి వారంలో గొంతు నొప్పితో జ్వరం తగిలింది. ఊళ్ళో ఆసుపత్రికి వెళ్ళి, "ఉగాండా నుంచి వచ్చి రెండు వారాలు కాలేదు" అని ముందే చెప్పాను. డ్యూటీ డాక్టరు కుర్చీ రెండడుగులు వెనక్కి జరిగింది. అక్కడ జబ్బుపడినవాళ్ళను ఎవరినైనా ముట్టుకున్నారా, అంత్యక్రియలకు వెళ్ళారా అని అడిగాడు. లేదన్నాక ఊపిరి పీల్చుకుని, "వైరల్ అయి ఉంటుంది, మాత్రలు రాస్తాను" అన్నాడు. మలేరియా పరీక్ష చేయనిదే కదలనన్నాను. నెగటివ్. ఒక్కసారి నెగటివ్ వస్తే చాలదని హైదరాబాద్‌లోనే చెప్పి ఉన్నారు కాబట్టి మర్నాడు మళ్ళీ చేయించాను. అదీ నెగటివే. మామూలు గొంతు జ్వరమే. ఇల్లు చేరాక కూడా డాక్సీ నాలుగు వారాలు వేసుకోవడం ఉంది చూడండి, అందరూ వదిలేసేది దాన్నే. దోమ అక్కడ చివరి రాత్రి కుట్టినా క్రిమి బయటపడడానికి వారాలు పడుతుంది. ఆఫ్రికా నుంచి వచ్చిన ఏడాదిలోపు ఎప్పుడు జ్వరం వచ్చినా ఆ మాట డాక్టరుకు చెప్పాలట.

అమ్మ మే చివర్లో బావగారి స్నేహితుల కుటుంబంతో వచ్చింది. శంషాబాద్‌లో కార్డు చూపించి, నాలుగు వారాలు డాక్సీ పూర్తిచేసి, ఇప్పుడు కాఫీ మళ్ళీ టిఫినుతోనే తాగుతోంది.

ఇక పాప. అన్నప్రాశన కొత్తగూడెంలోనే అని అమ్మ పట్టు. ఎల్లో ఫీవర్ టీకా మామూలుగా తొమ్మిదో నెలలో వేస్తారు, ఉగాండాలో ఇప్పుడు అది పిల్లలకిచ్చే మామూలు టీకాల్లోనే ఉంది. మన దేశంలోకి వచ్చేటప్పుడు ఆరు నెలల లోపు పసివాళ్ళను కార్డు అడగరు. ఆరు నెలలు దాటాక, తొమ్మిది నిండి టీకా పడి, ఆపైన పది రోజులు గడిచే లోపు ప్రయాణం పెట్టుకుంటేనే చిక్కు. మగపిల్లాడైతే సరి నెలలో, అంటే ఆరులోనో ఎనిమిదిలోనో చేసి ఆ చిక్కులో పడేవాళ్ళం. ఆడపిల్లకు బేసి నెల, ఐదో నెల. ఆగస్టు మొదటి వారానికి బావగారు టికెట్లు తీసేశారు. అక్క, బావగారు తమ కార్డుల్లో పేర్లు పాస్‌పోర్టులతో సరిచూసుకుని, వాటి ఫొటోలు నాకు పంపారు.